రేడియేటర్లో పసుపు

లారీ ఇంజను ఎందుకు చెడిందో తేల్చవలసి వస్తే మా సాలూరులో ఒక పద్ధతి ఉండేది. ఓనరు ఒక పక్క, డ్రైవరు ఒక పక్క నిలబడాలి. ఇద్దరి ఎదుటా మేస్త్రీ ఇంజను విప్పాలి. తప్పు డ్రైవరుదని మేస్త్రీ అన్నాడంటే ఆ పూటకే అతని చేతిలోంచి బండి పోతుంది, ఊళ్ళో మరో ఓనరు కూడా అతనికి బండి ఇవ్వడు. తప్పు డ్రైవరుది కాదంటే ఓనరు నోరు మూసుకుని బాగుచేయించుకోవాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. నన్నడిగి మాత్రం పెట్టలేదు. ఇరవై ఏళ్ళ పాటు ఆ తీర్పులన్నీ చెప్పింది నేను, రెండు వైపుల నుంచీ తిట్లు తిన్నదీ నేనే.

నా పేరు కూర్మయ్య. కొండకి పోయే రోడ్డు మొదట్లో నాదొక రేకుల షెడ్డు. అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలానికి నాకు యాభై నాలుగేళ్ళు. మోకాళ్ళు అప్పటికే అరిగిపోయాయి. బండి కిందకి దూరడం ఒక కష్టం, మళ్ళీ బయటికి రావడం ఇంకో కష్టం. షెడ్డు ముందు లారీ ఆగిందంటే సంతోషించడం పోయి విసుగొచ్చేది. చేతిలో పని ఉండడం అదృష్టం కదయ్యా అని ఎవరైనా అంటే, వాళ్ళని వైశాఖం ఎండలో ఒక్క పూట ఆ రేకుల కింద కూర్చోబెట్టాలనిపించేది.

సాలూరు దాటితే సుంకి కొండ. ఉప్పు బస్తాలతో ఎక్కే లారీ మొదటి గేరులోనో, రెండో గేరులోనో మూలుగుతూ పోవాలి. బండి నడక నెమ్మది, ఇంజను మాత్రం పరుగు. అలాంటప్పుడు ఇంజనుని కాపాడేవి నీళ్ళు. బండి ముందుభాగాన ఉండే రేడియేటర్లో వరసగా సన్నటి గొట్టాలుంటాయి. ఇంజను వేడిని మోసుకొచ్చిన నీళ్ళు ఆ గొట్టాల్లోంచి దిగుతూ, ఫ్యాను గాలికి చల్లారి, మళ్ళీ ఇంజనులోకి వెళతాయి. ఇందులో పెద్ద విద్యేమీ లేదు. నెలకోసారి పాత నీళ్ళు వదిలేసి, చాకలి సోడా కలిపిన వేడినీళ్ళతో కడిగి, ఏటి నీళ్ళు పోసుకుంటే రేడియేటరు మనిషి కంటే ఎక్కువ కాలం బతుకుతుంది. కాని ఆ నెలకోసారి అన్న మాట ఏ ఓనరుకీ చెవికెక్కదు. బండి ఒక రోజు ఖాళీగా నిలబడితే ఇంట్లో ఎవరో మంచాన పడ్డట్టు దిగులుపడతారు.

సీతారామారావుగారు కూడా ఆ కోవలోని మనిషే. మా ఊరి వర్తకులు. నౌపడ నుంచి ఉప్పు తెప్పించి కొండ మీదకి పంపేవారు, కొండ మీంచి చింతపండు, అడ్డాకులు దింపేవారు. వారి లారీకి పన్నెండేళ్ళుగా డ్రైవరు నూకయ్య. నలభై దాటినవాడు, మాట తక్కువ. నాకు చుట్టం కాకపోయినా మావా అని పిలిచేవాడు. కొండ మీద ఎక్కడ వాగు కనబడినా బండి ఆపి, దిగి, నీళ్ళు చూసుకుని గాని కదిలేవాడు కాదు. తోటి డ్రైవర్లు వాడిని ఎగతాళి చేసేవారు. నూకయ్య బండి కంటే నీళ్ళ కావిడే ముందు చేరుతుందనేవారు.

ఆ వైశాఖంలో ఒక మధ్యాహ్నం నూకయ్య లారీని ఇంకో లారీ తాడు కట్టి లాక్కొచ్చింది. స్టీరింగు దగ్గర నుంచి వాడు దిగుతుంటే చూశాను. కుడిచేయి మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కి ఉంది. తువ్వాలు తడిపి కప్పుకున్నాడు.

"ఏటయ్యిందిరా?" అన్నాను.

"మరిగిపోనాది మావా. నాలుగో వంకర కాడికే హీటు ముల్లు ఎర్రగీత దాటీసినాది. బండి ఆపీసి, గోనెగుడ్డ ఏసి మూత తిప్పినాను. ఆవిరొచ్చి సేతిమీద కొట్టీసినాది."

"కాలిన ఇంజనులో సన్నీళ్ళు పోసీసినావేటి?"

"నేదు మావా. అరగంట కూకున్నాను. టాంకీ మీద అరిసెయ్యి ఆన్చి, కాలకపోతే అప్పుడు పోసినాను. కొంత దూరం ఎల్లేసరికి మళ్ళీ మరిగినాది. మళ్ళీ ఆపినాను. మూడో తూరి తెల్ల పొగొచ్చీసినాది."

తెల్ల పొగ అంటే నీళ్ళు ఇంజను లోపలికి పోయాయన్నమాట. ఇంజనుకి పైమూతలా ఉండే హెడ్డు పగిలి ఉంటుంది. ఆయిలు గేజీ తీసి చూశాను. ఆయిలు మజ్జిగలాగా తెల్లబడి ఉంది. ఇంక చెప్పడానికేం లేదు.

కాసేపటికి సీతారామారావుగారు రిక్షాలో వచ్చారు. వాడి చేతి వంక ఒకసారి చూశారు, బండి వంక చాలాసేపు చూశారు. అరిచే మనిషి కాదు. మెల్లగానే మాట్లాడతారు, అదే ఎక్కువ భయం.

"అయితే నీళ్ళు లేకుండా తోలుంటాడు, లేదంటే కాలిన ఇంజను మీద చన్నీళ్ళు గుమ్మరించుంటాడు. రెండిట్లో ఏదైనా తప్పు వీడిదే కదా కూర్మయ్యా. రేపు పొద్దున్న నా ఎదట విప్పు. వీడి తప్పని తేలితే మా బావమరిది చెప్పిన డ్రైవరున్నాడు, ఎల్లుండి నుంచి అతన్ని పెట్టుకుంటాను" అన్నారు.

ఆయన వెళ్ళాక నూకయ్య షెడ్డు గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. "ఈ బండి పోతే నాకు ఇంకోటి ఎవులూ ఇవ్వరు మావా" అన్నాడు. "స్టీరింగు తప్ప నాకేటీ రాదు. ఇంటికెల్లి మా ఆడది గురమ్మకి ఏటని సెప్పాల?"

"రేపు సూద్దాం. ముందు ఆస్పత్రికెల్లి ఆ సేతికి కట్టు కట్టించుకో" అని కసిరాను. వాడి మీద జాలి కలిగినప్పుడల్లా నాకు కసరడమే వచ్చు.

పొద్దు వాలకముందే ఇంటికి వెళ్ళాను. మా ఆవిడ లక్ష్మణమ్మకి అప్పటికే కబురు తెలిసిపోయింది. చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండా అడిగింది.

"నూకయ్య బండొచ్చిందంట కదా. పసుపుకొచ్చినావేటి?"

"నేను ఇంటికి రాకూడదేటి?"

"వస్తే వస్తావు. ఈ ఇంట్లో నేను ముఖానికి రాసుకున్న పసుపు కన్నా నువ్వు లారీలకి తినిపించిన పసుపే ఎక్కువ" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆ పసుపు సంగతి చెప్పాలి. రేడియేటరు గొట్టానికి సూదిబెజ్జమంత చిల్లి పడితే నీళ్ళు కారతాయి. దాన్ని సరిగా బాగుచేయాలంటే రేడియేటరు మొత్తం దింపి, పై టాంకీ ఊడదీసి, చిల్లు వెతికి తగరం కరిగించి మాటు వేయాలి. రెండు రోజుల పని. ఓనరు రెండు గంటలు కూడా ఆగడు. అందుకని గుప్పెడు పసుపు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి రేడియేటర్లో పోసి ఇంజను తిప్పితే, ఆ పసుపు వెళ్ళి చిల్లులో కూరుకుని ఉబ్బుతుంది, కారడం ఆగిపోతుంది. నాకు పని నేర్పిన ముసలాయన చేసేవాడు, నేనూ చేశాను. తర్వాత చేయడం కూడా మానేసి డ్రైవర్లకే చెప్పేశాను. "కారితే నా కాడికి రాకండి, గుప్పెడు పసుపేసుకోండి" అని. నూకయ్య కూడా నా మాట విని చిల్లి పడినప్పుడల్లా వేసుకుంటూ వచ్చాడు. ఏళ్ళ తరబడి ఊళ్ళో లారీలన్నీ పసుపు తాగాయి. అందరూ నన్ను మెచ్చుకున్నారు. నేను హాయిగా నీడలో కూర్చున్నాను.

ఆ సాయంత్రం అన్నం కలిపి, తినలేక చెయ్యి కడిగేసుకున్నాను. "ఒంట్లో బాగులేదా?" అని లక్ష్మణమ్మ నుదురు ముట్టుకుని చూసింది. బాగానే ఉందన్నాను.

మర్నాడు ఎండ ముదరకముందే సీతారామారావుగారు వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. నూకయ్య చేతికి కట్టుతో ఎదురుగా నిలబడ్డాడు. నేను విప్పడం మొదలుపెట్టాను.

ముందు ఫ్యాను బెల్టు చూశాను. బొటనవేలితో నొక్కితే ఎంత వంగాలో అంతే వంగింది. హోసు పైపులు మెత్తబడలేదు, బిగింపులు గట్టిగా ఉన్నాయి. వాటరు పంపు విప్పి ఇరుసు ఊపి చూశాను, కదల్లేదు. పంపులో రెక్కలు శుభ్రంగా ఉన్నాయి. ఒక్కొక్కటే నూకయ్య జాగ్రత్తకి సాక్ష్యం చెబుతుంటే నాకు లోపల నీరసం పెరిగింది. ఏదో ఒకటి, ఏదైనా సరే, చెడి ఉండకూడదా అనుకున్నాను. పంపు పోయి ఉంటే పంపు మీద పెట్టేసేవాణ్ణి, పంపుకి భార్యాబిడ్డలు ఉండరు.

హెడ్డు దింపాను. రెండు వాల్వుల మధ్య వెంట్రుకంత పగులు. సీతారామారావుగారు వంగి చూసి, "చెప్పానా" అన్నారు.

ఇంక మిగిలింది రేడియేటరు. దాన్ని దింపి ఇటుకల మీద నిలబెట్టి పైనుంచి బకెట్టు నీళ్ళు పోశాను. పోసినంత వేగంగానూ కిందనుంచి దిగిపోవాలి. కింద సన్నటి ధార మాత్రం వచ్చింది. మిగతా నీళ్ళన్నీ పై మూతిలోంచి పొంగి నా కాళ్ళ మీద పడ్డాయి. బ్లోలాంపు వెలిగించి మాటు కరిగించి పై టాంకీ ఊడదీశాను. గొట్టాల మూతులు కనబడాలి. కనబడలేదు. వాటి మీద వేలెడు మందాన ముదురు పసుపు రంగులో గట్టిగా చెక్క కట్టి ఉంది. స్క్రూడ్రైవరుతో గీకితే పెళ్ళలుగా ఊడింది. గొట్టాల్లో సగానికి పైగా లోపలిదాకా పూడుకుపోయాయి.

నాకు ఆశ్చర్యం కలగలేదు.

"ఏమిటది?" అన్నారు సీతారామారావుగారు.

ఇక్కడ నేను చేసినది ఉన్నదున్నట్టు చెప్పాలి. తుప్పు కూడా నీళ్ళలో చాలాకాలం నానితే ఇంచుమించు ఆ రంగులోనే ఉంటుంది. తుప్పు బాబూ అంటే చాలు. డ్రైవరు కనబడ్డ ప్రతి నూతిలోంచీ ఉప్పునీళ్ళు తోడి పోశాడు, పాత నీళ్ళు ఎప్పుడూ వదల్లేదు, అందుకే తుప్పు పట్టింది అనుకుంటారు. కాదని చెప్పగలిగినవాడు నూకయ్య ఒక్కడే, నా మాట మీద వాడి మాట ఎవరూ నమ్మరు. నా షెడ్డు నిలబడుతుంది, పేరు నిలబడుతుంది. ఇంకో పదేళ్ళు ఇలాగే నడిచిపోతుంది. ఆ మాట నా నాలుక మీదకి వచ్చింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా.

"అది పసుపు బాబూ" అన్నాడు నూకయ్య. "నానే ఏసినాను."

"పసుపా? ఇంజనుకి పసుపేమిటి?"

"సిల్లడితే కారకుండా ఏస్తాం."

"ఎవడు వెయ్యమన్నాడు నిన్ను?"

నూకయ్య నా వైపు చూడలేదు. చూస్తే ఆయనకి తెలిసిపోతుందని చూడలేదు. నేల వంక చూస్తూ, "లారీలోల్లందరం ఏస్తాం బాబూ" అన్నాడు.

"సరే. నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావు. ఇంక తీర్పు దేనికి? తాళం ఇచ్చెయ్."

తాళం వాడి చొక్కా కుడిజేబులో ఉంది. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో జేబులోంచి తీయబోతే అందలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. పన్నెండేళ్ళ బండి తాళం అప్పజెప్పడానికి కూడా వాడికి అంత అవస్థ. ఇంక నేను చూడలేకపోయాను.

"బాబూ, తాళం ఆడి కాడే ఉండనీయండి" అన్నాను. "పసుపెయ్యమన్నది నాను."

సీతారామారావుగారు నా వైపు తిరిగారు. "నువ్వా?"

"నానే. ఆడు నీళ్ళు సూసుకున్నాడు, బెల్టు సూసుకున్నాడు, మరిగితే ఆపినాడు, సల్లారినాకే పోసినాడు. ఇంజనులో ఆడి తప్పు ఒక్కటి కూడా నాకు కనబళ్ళేదు. గొట్టాలు పూడిపోతే ఎంత మంచి డ్రైవరైనా ఏటి సెయ్యగలడు? నీళ్ళకి దారి నేకుండా సేసింది నా మాట."

ఆయన స్టూలు మీంచి లేచి పంచె సర్దుకున్నారు.

"నీ మాట వల్ల చెడిన బండి నీ చేత్తోనే బాగవ్వాలి. చేతికూలి అన్న మాట నా దగ్గర ఎత్తకు. డ్రైవరుగా వీడే ఉంటాడు" అన్నారు. రెండడుగులు వేసి ఆగారు. "ఊళ్ళో ఇలా ఇంకెన్ని బండ్లున్నాయి?"

"తొమ్మిది" అన్నాను.

ఆయన తల ఊపి రిక్షా ఎక్కారు. సాయంత్రానికి ఊరంతా తెలిసింది. నా షెడ్డు ముందు నుంచి పోయే డ్రైవర్లు మొహం తిప్పుకుని పోయారు. ఒకడు మాత్రం ఆగి, సాంబారులోకి ఇంగువ కూడా ఎయ్యమంటావా మేస్త్రీ అని అడిగి వెళ్ళాడు. అడిగితే అడగనీ, నాకు జవాబు చెప్పే ఓపిక లేదు.

ఆ బండి బాగవడానికి ఇరవై రోజులు పట్టింది. హెడ్డు విశాఖపట్నం నుంచి రావాలి. ఈలోపల నేను రేడియేటరు ముందు పీట వేసుకుని కూర్చున్నాను. చాకలి సోడా నీళ్ళలో నానబెట్టడం, సన్నటి ఇత్తడి బద్ద ఒక్కొక్క గొట్టంలోకి దించడం, పైకి లాగడం, ఊడిన పసుపు కడగడం, మళ్ళీ దించడం. కొంచెం బలంగా తోస్తే గొట్టం చీలిపోతుంది. సోడాకి వేళ్ళ సందుల్లో పుళ్ళు పడ్డాయి. అన్నం ముట్టుకుంటే మండేవి. లక్ష్మణమ్మ కొబ్బరినూనె రాసేది, ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది.

నూకయ్య రోజూ వచ్చేవాడు. ఎడమచేత్తో నీళ్ళు పోసేవాడు, బద్ద అందించేవాడు. పన్నెండో రోజుకి వాడి కట్టు విప్పారు. చేతి మీద కొత్త చర్మం ఎర్రగా, పల్చగా ఉంది, వేళ్ళు మాత్రం బాగానే ముడుచుకుంటున్నాయి. స్టీరింగు పట్టగలడు.

ఇరవయ్యో రోజున అన్నీ బిగించి, నీళ్ళు పోసి, ఇంజను తిప్పాం. అరగంట తిరిగినా హీటు ముల్లు సగం దాటలేదు. రేడియేటరు కింద చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంది. నేను బాగా చేసిన పనుల్లో అదొకటి. ఆ మాట చెప్పుకోవడానికి నాకు హక్కు ఉందో లేదో తెలియదు.

నూకయ్య ఇంజను ఆపి వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"మావా, ఒక మాట అడుగుతాను. పసుపేస్తే గొట్టాలు పూడిపోతాయని నీకు ముందే తెలుసా?"

వాడు ఏ జవాబు కోరుకుంటున్నాడో నాకు తెలుస్తూనే ఉంది. తెలియదు అంటే వాడు నమ్ముతాడు. నమ్మాలనే అడిగాడు. తెలియక చేసిన తప్పుకి అందరి ముందూ ఒప్పుకున్న పెద్దమనిషిగా నేను వాడికి మిగిలిపోతాను. ఎంత సుఖంగా ఉండేదో ఆ అబద్ధం.

"తెలుసురా" అన్నాను. "నాలుగేళ్ళ కిందట పార్వతీపురం లారీ ఒకటి వేరే పని మీద నా కాడికొచ్చింది. దాని రేడియేటరు విప్పితే ఇలాగే పచ్చగా ఉన్నాది. కడిగి పంపీసినాను. ఎవులికీ సెప్పనేదు."

"ఎందుకని సెప్పనేదు?"

"సెప్తే ఊల్లో బళ్ళన్నీ విప్పాల. పసుపు మానీమంటే సిల్లడిన ప్రతీదీ దింపి మాటెయ్యాల. ఒల్లు సాల్లేదురా. అలిసిపోయున్నాను."

వాడు కాసేపు తన చేతి వంక చూసుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా అన్నాడు.

"నానూ అలిసిపోతాను మావా. రేయింబగలూ తోలి కల్లు మూతలడిపోతాయి. అయినా ఆ కొండమీద వాగు కనబడిన ప్రతీ తూరీ దిగినాను."

వాడి గొంతులో కోపం లేదు. ఉన్నా బాగుండేది. తిట్టినా, చెయ్యి చేసుకున్నా పడేవాణ్ణి. వాడు లేచి ముందుకెళ్ళి, నేను పోసిన నీళ్ళు మూత తీసి మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు. మూత బిగించి, బండెక్కి, కొండ వైపు వెళ్ళిపోయాడు.

షెడ్డు ముందు, పసుపు తాగిన బళ్ళలో రెండోది నిలబడి ఉంది. దాని రేడియేటరు ఆ పూటే దింపుతానని ఓనరుకి మాటిచ్చాను. పానాలు చేతిలోకి తీసుకున్నాను. ఒళ్ళు బాగానే ఉంది, ఇంకా పొద్దు ఉంది. సిగ్గుతో చాలాసేపు పీట మీంచి లేవలేకపోయాను.